అక్షరాలు కిందికి వేసిన బండ

నవంబర్ 2, ఆదివారం

మెడలో కార్డు పడింది. 'షెర్లీ, గైడ్, గనికొండ వారసత్వ నడక' అని ఉంది. పక్కన ఫొటోలో నేను ఎవరి మీదకో పోట్లాటకు వెళ్తున్నట్టున్నాను. ప్రాజెక్టు ఆఫీసరు కృష్ణచైతన్య చూసి, "వేరే ఫొటో ఉందా మేడమ్?" అన్నాడు. ఉంది గానీ అందులోనూ ఇదే మొహం అన్నాను. నవ్వాడు. మంచివాడే. గుంటూరు నుంచి వచ్చాడు, చిన్నా పెద్దా అందరినీ మీరు అంటాడు.

ఈపూరులో ఆ ప్రైవేటు బడి మానేశాక ఇదే నాకు దొరికిన పని. మానేశానా, మానిపించారా అన్నది ఇక్కడ రాయక్కర్లేదు. హెడ్‌మాస్టరుకీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటి జట్టు నరసరావుపేట నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్లు. ఇర్ఫాన్ ఆటోలో దించాడు. సీసం గని మూతపడి ఇరవై ఏళ్లు దాటింది, అప్పట్నుంచీ ఈ ఊరికి దారి తప్పినవాళ్లు తప్ప ఎవరూ రాలేదు. గని నోటి మీది ఇనుప టవరు, దాని నెత్తిన తుప్పు చక్రాలు చూపించాను. ల్యాంపులు ఇచ్చే గది చూపించాను. జీతాల కిటికీ దగ్గర అందరినీ వంగి లోపలికి చూడమన్నాను. ఆ కిటికీ నడుం ఎత్తులో ఉంటుంది. జీతం తీసుకునేవాడు వంగే తీసుకోవాలని గని తెరిచిన దొర కావాలనే అట్లా కట్టించాడని మా నాన్న చెప్పేవాడు. నాన్న ముప్పై ఏళ్లు వంగాడు. ఒక మాస్టారు వంగలేక నడుం పట్టుకున్నాడు. బాగా అర్థమైందన్నమాట.

తర్వాత రాయి ఏరిన కొట్టం, దొర బంగళా, గని చర్చి. చివరికి మా రెండో లైను. బోర్డు మీద దాని పేరు 'కార్మికుల క్వార్టర్లు'. పక్కింటి ఆదెమ్మ పిన్ని అరుగు మీద బియ్యంలో రాళ్లేరుకుంటుంటే ఫొటోలు తీశారు.

"ఏమే షెర్లీ, నన్నెందుకే తీస్తన్నారు? నేనేమన్నా కోటనా, బురుజునా?"

"నువ్వు రెండూను పిన్నీ," అన్నాను.

నవంబర్ 5, బుధవారం

కార్డు తాడు మెడకు గీసుకుంటోంది. తీయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 9, ఆదివారం

నడక అయ్యాక కృష్ణచైతన్య దొర బంగళాలో నాకు ప్లాను చూపించాడు. కంప్యూటరులో మా ఊరు మా ఊరి కంటే శుభ్రంగా ఉంది. లైను ఇళ్లకు పాతకాలపు రంగు, గుమ్మాలకు లాంతర్లు. ఒక ఇంట్లో కార్మికుడి బొమ్మ, పొయ్యి దగ్గర భార్య బొమ్మ, ఉయ్యాల్లో బిడ్డ బొమ్మ. లోపలికి అడుగు పెట్టగానే గని సైరన్ మోగుతుందట.

"మరి అందులో ఉన్నవాళ్లు?" అన్నాను.

"షిఫ్టింగ్ ఉంటుంది మేడమ్. అందరికీ మంచే జరుగుతుంది. మీరు మా టీములో మనిషి."

అందరికీ అంటే మొదటి లైను వాళ్లకి అయ్యుంటుంది. అక్కడ సగం ఇళ్లు ఖాళీయే. బొమ్మలు పెట్టుకోవడానికి అవే బాగుంటాయి. టీములో మనిషి అన్నాడు కాబట్టి మా లైను జోలికి రారు.

అమ్మకి చెప్పలేదు. చెప్పడానికేముంది?

నవంబర్ 11, మంగళవారం

నోటీసు. మా తలుపుకీ అంటించారు. డిసెంబరు పదికల్లా రెండో లైను మొత్తం ఖాళీ చేయాలి. ప్రత్యామ్నాయ స్థలాలు తర్వాత తెలియజేయబడును. మేం ఆక్రమణదారులమట. మా నాన్నకి కంపెనీ ఇచ్చిన ఇల్లు ఇది. నేను పుట్టింది ఈ వంటగదిలో.

అమ్మ అన్నం తింటోంది. "చదువు," అంది. చదివాను. ప్లాను సంగతి కూడా అప్పుడే చెప్పాల్సి వచ్చింది.

"మనింట్లో బొమ్మలు పెడతారంటనా?"

"అవునమ్మా."

"బొమ్మలకి కూడెవరు వండుతారు?" అని మళ్లీ కలుపుకోవడం మొదలుపెట్టింది.

ఏంజెల్ ఫోన్ చేసింది. దానికి అప్పుడే ఎవరో చెప్పారు. నా చెల్లెలు నరసరావుపేటలో మూడో అంతస్తులో ఉంటుంది. "అమ్మని తీసుకొని వచ్చెయ్యవే. ఆ పెంకుటింట్లో ఏముందని యేలాడుతున్నారు?" అంది. ఏముందో చెప్పబోయాను. కోపం మాత్రం వచ్చింది. ఫోన్ పెట్టేశాను.

నవంబర్ 13, గురువారం

నాకేం భయం లేదు.

నవంబర్ 16, ఆదివారం

ఈరోజు నడకలో నా ఇష్టం వచ్చినట్టు చెప్పాను. వినుకొండ కాలేజీ పిల్లలు వచ్చారు. ఏరుడు కొట్టం దగ్గర బోర్డు మీద 'ఖనిజ శుద్ధి విభాగం' అని ఉంది. అది చదవకండి, నేను చెప్తా వినండి అన్నాను. ఇక్కడ ఆడవాళ్లు వరసగా కూర్చుని రాయి ఏరేవాళ్లు, మెరిసేది గంపలోకి, మెరవనిది కాలవలోకి. మా అమ్మ రాజమ్మ లంగా ఓణీలో ఉన్నప్పుడే వచ్చి కూర్చుంది. మెషిన్లు వచ్చాక వీళ్లని లేపి చీపుర్లు ఇచ్చారు. మా లైనుకి వచ్చేసరికి గొంతు పెంచాను. "బాగా చూసుకోండి, వచ్చే నెల ఈ మనుషులు ఉండరు, ఈ మనుషుల బొమ్మలు ఉంటాయి," అన్నాను. పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు.

కృష్ణచైతన్య పక్కకి పిలిచాడు. తిడతాడనుకున్నాను. మొహం కందగడ్డలా చేసుకున్నాడు గానీ తిట్టలేదు, ఆయనకి వేరే తలనొప్పి ఉంది. బంగళాలో పాత ఫొటో ఒకటి చూపించాడు. గని మొదటిసారి తవ్విన రోజు. దొర, అతని టోపీ, పక్కన పేర్లు చెక్కిన నిలువెత్తు నాపరాయి. ఆ శిలాఫలకం బొమ్మే ప్రారంభోత్సవం కార్డు మీద అచ్చు వేయించేశారు. డిసెంబరు పద్నాలుగున పెద్దాయన, అంటే మంత్రిగారు, వచ్చి తెర తీయాలి. తీరా చూస్తే రాయి లేదు.

"పాతవాళ్లని కొంచెం అడగండి మేడమ్. మీరడిగితే చెప్తారు."

మా ఇల్లు తీసుకుంటావు, నీ రాయి నేను వెతకాలా అనుకున్నాను. పైకి కూడా అన్నాననుకుంటా.

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, ఎగతాళిగానే. అమ్మ వెనక దొడ్లో దుప్పటి ఉతుకుతోంది. ఆగింది. చేతిలో సబ్బు, కింద బండ. ఒకసారి బండని చూసింది, ఒకసారి నన్ను చూసింది.

"ఇదే," అంది.

నవంబర్ 17, సోమవారం

రాత్రి కోపంలో సగమే రాశాను. మిగతాది ఇది.

గని మూసినప్పుడు పాత ఇనుము కొన్నవాళ్లు ఈ రాయి నిలబెట్టిన దొర అరుగు చుట్టూ ఉన్న ఇనుప కమ్మీల కోసం అరుగే పగలగొట్టారట. రాయిని దారికి అడ్డంగా పడేసి పోయారు. మనుషులు తొక్కుతున్నారు, మేకలు తొక్కుతున్నాయి. అమ్మా ఆదెమ్మ పిన్నీ చూసి తట్టుకోలేకపోయారు. దొర మీద ప్రేమ కాదు. అక్షరం కాలికి తగలకూడదు, అంతే. బైబిలు చదివే మా అమ్మకీ, అంకమ్మ తల్లికి మొక్కే పిన్నికీ ఆ ఒక్క విషయంలో తేడా లేదు. పుస్తకం కాలికి తగిలితే ఇద్దరూ కళ్లకద్దుకుంటారు.

"మరి తెచ్చి బట్టలెందుకు ఉతుకుతున్నారే?"

"బండా కావాల, పాపమూ వద్దు," అంది పిన్ని గోడ మీదుగా. "అందుకే రాతలు కిందికేసినాం. పైపు ముక్కల మీద దొర్లించుకొచ్చినాం నేనూ మీయమ్మా. నువ్వప్పుడు హాస్టల్లో ఉండావు."

ఇరవై ఏళ్లు నేను కూడా దానిమీదే ఉతుకుతున్నాను. పొద్దున అంచు కింద మట్టి గీకి వేలు దూర్చాను. లోపల చల్లగా ఒక గాడి తగిలింది. ఇంగ్లీషు డి అయ్యుంటుంది. వేలు వెనక్కి లాక్కున్నాను. ఆ తర్వాత నవ్వొచ్చింది. జిల్లా అంతా వెతుకుతున్న దొర పేరు మా పాత చీరల కింద బోర్లా పడుకుని ఉంది.

నవంబర్ 18, మంగళవారం

ఎవరికీ చెప్పకూడదని ముగ్గురం అనుకున్నాం.

నవంబర్ 19, బుధవారం

చెప్పేశాను. నా నోరే నాకు శత్రువు.

ఇళ్ల సంగతి మాట్లాడదామని ఆఫీసుకి వెళ్లాను. కృష్ణచైతన్య కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ప్రతి మాటకీ "పైనుంచి వచ్చింది మేడమ్" అన్నాడు. చివరికి, "మీరు ఎమోషనల్ అవుతున్నారు. ఆ ఇళ్లకి విలువ లేదు, వాటి చరిత్రకి విలువ," అన్నాడు. అంతే.

"నీ చరిత్ర మా బట్టలుతికే బండ కింద ఉంది. మా ఇళ్లు మాకుంటేనే అది లేచుద్ది," అన్నాను.

టీ కప్పు కింద పెట్టాడు. అది ప్రభుత్వ ఆస్తి అన్నాడు. కేసు అన్నాడు. తర్వాత చాలా మర్యాదగా కార్డు ఇచ్చేయమన్నాడు. మెళ్లోంచి తీసి టీ కప్పు పక్కన పెట్టి వచ్చాను.

ఇంటికొచ్చి చెప్తే తిడుతుందనుకున్నాను. అమ్మ ఆలోచించి, "రేపు దుప్పట్లు నానెయ్యి," అంది.

నవంబర్ 20, గురువారం

ఈ రోజు గురించి ఎంత రాసినా చాలదు, చేతులేమో పెన్ను పట్టనివ్వడం లేదు.

పొద్దున్నే క్రేన్ కట్టిన ట్రాక్టరు వచ్చింది. మాచవరం వైపు మనుషులు, వెంట ఆఫీసు మనిషి ఒకడు. అప్పటికి అమ్మ బండ మీద మొదటి దుప్పటి పరిచింది. "ఇది అయిపోనీండి నాయనా," అంది. అయ్యేలోపు ఆదెమ్మ పిన్ని తన మూట తెచ్చింది. పిన్ని వెనక లైనులో ఆడవాళ్లందరూ మూటలతో వచ్చారు. పెళ్లిళ్లకి పరిచే జంపఖానాలు కూడా బయటికొచ్చాయి. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చున్నారు. బండ ఒక్క నిమిషం ఖాళీ లేదు.

ఆఫీసు మనిషి అరిచాడు. నేనూ అరిచాను. అరుపుల్లో వాడు నాకు ఏ మూలకూ చాలడు. కానీ పని చేసింది నా అరుపు కాదు. ఆడవాళ్లు మోకాళ్ల పైకి చీరలు దోపుకుని ఉతుకుతుంటే మధ్యలోకి చేయి పెట్టి బండ లాగడానికి ఆ మగవాళ్లలో ఒక్కడికీ మొహం చెల్లలేదు. తలలు తిప్పుకుని వేపచెట్టు వైపు చూస్తూ నిలబడ్డారు.

మధ్యాహ్నానికి అమ్మ డ్రైవరుని పిలిచింది. "ఏందయ్యా ఆ చొక్కా, నూనె మరకలు! మీ ఇంట్లో ఆడోళ్లు లేరా? ఇటియ్యి." అతను వద్దు వద్దంటూనే విప్పి ఇచ్చాడు. అమ్మ దాన్ని ఉతికి తీగ మీద ఆరేసింది. డ్రైవరు బనీనుతో అరుగు మీద కూర్చుని, పిన్ని పెట్టిన అన్నం తిని, చొక్కా ఆరగానే తొడుక్కుని ట్రాక్టరు తిప్పుకుని పోయాడు. ఆఫీసు మనిషి వెనకాల నడిచి వెళ్లాడు.

ఇర్ఫాన్ అంతా వీడియో తీశాడు. "అక్కా, మా బేరం పెరుగుద్ది ఇక," అంటున్నాడు.

నవంబర్ 21, శుక్రవారం

చేతులు లేవడం లేదు. లైనంతా సబ్బు వాసన.

నవంబర్ 23, ఆదివారం

కార్డు లేకుండానే నడిపించాను. వీడియో చూసి మూడు ఆటోల జనం వచ్చారు. దొర బంగళాకి తాళం వేశారు. వేసుకోనీ. నేరుగా మా దొడ్లోకి తీసుకొచ్చి, "ఇది గనికొండలో అన్నిటికంటే పెద్ద చారిత్రక స్థలం, చెప్పులు విప్పండి," అన్నాను. విప్పారు! అమ్మ సిగ్గుపడి లోపలికి పోయింది.

నవంబర్ 27, గురువారం

కృష్ణచైతన్య ఇంటికొచ్చాడు. గుమ్మం బయట బూట్లు విప్పి, స్టూలు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. కళ్ల కింద నల్లగా ఉంది. పైవాళ్లు ఈయన్ని కూడా ఉతికినట్టున్నారు.

రాయి మా దొడ్లోనే ఉంటుందట. నిలబెట్టి, పెద్దాయన్ని ఇక్కడికే తీసుకొస్తారట. ఇళ్ల గురించి కాగితం ఇచ్చాడు. 'రెండో లైను నివాసితుల అభ్యర్థన సానుకూలంగా పరిశీలించబడును.' నా కార్డు కూడా తిరిగి ఇచ్చాడు.

గెలిచాం.

"పరిశీలించటమంటే ఏందే?" అంది అమ్మ.

"ఒప్పుకున్నట్టే అమ్మా. ఆఫీసు భాష అట్లాగే ఉంటుంది."

"అయితే ఒప్పుకున్నామని రాయొచ్చుగా?"

సానుకూలంగా అని కూడా ఉంది కదా. అంటే ఒప్పుకున్నట్టే.

నవంబర్ 28, శుక్రవారం

ఒప్పుకున్నట్టే.

డిసెంబర్ 6, శనివారం

బండ లేపారు. కింద నేల తడిగా, ఎర్రగా, రాయి అచ్చు పడి ఉంది. దొర పేరు, ఇంజినీరు పేరు, తేదీ, కింద తెలుగులో 'ఈ గని' అని మొదలయ్యే రెండు వరసలు. చెక్కుచెదరలేదు. ఎవరో నిన్న చెక్కినట్టున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

అమ్మ అటు చూడనే లేదు. చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. అటువైపు రాయి నడిమధ్య గుంటపడింది. అన్నం పళ్లెం పట్టేంత గుంట, అద్దంలా నునుపు. అమ్మ దానిలో చేయి పెట్టింది.

"ఇదంతా నేనే అరగదీశానా?"

"నువ్వూ నేనూ," అంది పిన్ని.

నాకు ఏడుపొచ్చింది. రాసుకుంటున్నాను, వచ్చింది. గనిలో దిగిన నాన్న పేరు ఎక్కడా లేదు, ఏరిన వీళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఈ గుంట మాత్రం ఉంది.

"ఇంక దీనిమీద బట్ట ఉతకను. రాతలు బయటికొచ్చినై," అంది అమ్మ లోపలికి వస్తూ. అమ్మ బాధ అప్పుడు తెలిసింది నాకు. ఇల్లు నిలుస్తుందని బండని ఇచ్చింది.

డిసెంబర్ 10, బుధవారం

నోటీసు గడువు ఈరోజు. ఎవరూ రాలేదు. ఖాళీ చేయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కృష్ణచైతన్యకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను. బిజీగా ఉండి ఉంటాడు.

సాయంత్రం కొత్త బోర్డు దించారు. దాని మీద పాత ప్లానే. ఉయ్యాల్లో బిడ్డ బొమ్మతో సహా.

అమ్మకి చూపించాను. ఈసారి దాచలేదు. "నీ ఆఫీసు భాష నాకొద్దు. నాకు అర్థమయ్యే భాషలో చెప్పిస్తా," అంది.

డిసెంబర్ 14, ఆదివారం

వరసగా రాస్తాను.

రాయికి పట్టు తెర కట్టి, దానికి తాడు పెట్టి, మేళం, మైకు అన్నీ సిద్ధం చేసి ఆఫీసువాళ్లు పెద్దాయనకి ఎదురు వెళ్లారు. ఆ సందులో అమ్మ పట్టు తెర తీసి, మడతపెట్టి మా మంచం మీద పెట్టింది. దాని చోట తన ఎర్ర గళ్ల దుప్పటి ఆరేసింది. ఆ పూటే ఉతికింది, పక్కనున్న సిమెంటు దిమ్మ మీద. నీళ్లు ధారగా కారుతున్నాయి. పక్కనే స్టూలేసుకుని కూర్చుంది.

"అమ్మా, రాతలకి తగులుతుంది," అన్నాను, ఏమనాలో తెలియక.

"కాలు తగలకూడదు గానీ దుప్పటి తగిలితే ఏంగాదు."

పెద్దాయన వచ్చాడు. చుట్టూ కెమెరాలు. తెర తీయబోయి దుప్పటి చూసి ఆగాడు. కృష్ణచైతన్య మొహంలో నెత్తురు లేదు. "పెద్దమ్మా, దయచేసి తీసెయ్యండి," అని చెవిలో అన్నాడు.

"ఇంకా ఆరలా."

జనం నవ్వారు. పెద్దాయనా నవ్వాడు, రాజకీయాల్లో పండిన మనిషి. "ఎప్పుడు ఆరుద్ది పెద్దమ్మా?"

"ఇక్కడే ఉండి ఆరబెట్టుకుంటానో, మూట కట్టుకు పోవాల్నో తెలిస్తే గదయ్యా! ఉండమని చెప్పు. మైకులో చెప్పు."

మైకు నా చేతిలో ఉంది. నేను చదవాల్సిన స్వాగతం కాగితం కూడా చేతిలోనే ఉంది. కాగితం వదిలేశాను. "అయ్యా, రెండో లైను ఖాళీ చేయాలా, వద్దా?" అని మైకులోనే అడిగి ఆయన నోటి దగ్గర పెట్టాను. నా చేయి వణకలేదు. వణికిందని ఏంజెల్ అంటోంది, అది వీడియోలో చూసిందట. అబద్ధం.

ఆయన కృష్ణచైతన్య వైపు చూశాడు, జనం వైపు చూశాడు, కెమెరాల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రెండో లైనులో ఎవరూ ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు. ఇది నా మాట."

"సరిగా ఇనపళ్లా!" అని వెనక నుంచి ఆదెమ్మ పిన్ని అరిచింది. బాగా వినపడింది. ఊరి చివరి గని టవరు దాకా వినపడి ఉంటుంది. అయినా ఆయన మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి గట్టిగా.

తర్వాత కెమెరాల కోసం దుప్పటి ఆయనే లాగాడు. తడి దుప్పటి బరువు తెలియని మనిషి. మొత్తం మీద పడింది. తెల్ల చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. వెనక దొర పేరు బయటపడింది గానీ ఎవరూ చూడలేదు.

అమ్మ లేచింది. "ఊరికే పట్టుకొని నిలబడితే ఎట్టా నాయనా? ఆ కొస నువ్వు పట్టుకో," అని రెండో కొస తను అందుకుంది. ఇద్దరూ పిండారు. అమ్మ అటు తిప్పితే ఆయన కూడా అటే తిప్పాడు. "ఆ పక్కకి కాదు, ఈ పక్కకి," అంది. నీళ్లు ఆయన బూట్ల మీద పడ్డాయి.

మాటలు నీటి మూటలు, నాకు తెలుసు. రేపు కాగితం మారొచ్చు, మనిషే మారొచ్చు. మారితే దుప్పట్లు ఉన్నాయి, నేనున్నాను, ఇర్ఫాన్ దగ్గర వీడియో ఉంది. కృష్ణచైతన్య వెళ్తూ వెళ్తూ బండ వెనక గుంటలో చేయి పెట్టి చూశాడు. పట్టు తెర అడగడం మర్చిపోయాడు. నేనూ గుర్తు చేయలేదు.

అందరూ వెళ్లాక అమ్మ దొడ్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ దిమ్మ మీద ఉతికితే గుడ్డలు చిరుగుతాయంది. రేపు నకరికల్లు వైపు వెళ్లి కొత్త బండ చూసి రావాలి. ఈసారి అక్షరాలు లేనిది.